చెరుకు లారీకి మోగని డ్రమ్ము

భారతదేశంలో డ్రమ్ముకు కరెంటు ఎక్కించిన మొట్టమొదటి మనిషిని నేను. ఎనభైల నడుమ ఒక చలికాలం, జహీరాబాద్ బస్టాండు ఎదురుగా ఉన్న నా రేడియో రిపేరు దుకాణంలో, మామూలు తోలు డ్రమ్మును తంతే ఉరుము ఉరిమినట్టు మోత వచ్చేలా చేశాను. బొంబాయి నుంచి మనుషులు వచ్చి చూసి, తలలూపి వెళ్లారు.

బొంబాయి మనుషులు వచ్చిన మాట అబద్ధం కాదు. వాళ్ల లారీ టైరు నా దుకాణం ముందు పగిలింది. టైరు మార్చేదాకా ఏం చేస్తారు పాపం, నిలబడి చూశారు. మొట్టమొదటి మనిషి అన్న దగ్గర కూడా కొంచెం సర్దుకోవాలి. భారతదేశం చాలా పెద్దది, అందులో ఎవరు ఎక్కడ ఏం చేస్తున్నారో నాకేం తెలుసు? జహీరాబాద్‌లో మొదటివాణ్ణి అందాం. అది కూడా ఎవరైనా గట్టిగా నిలదీస్తే, బస్టాండు ఎదురు వరుసలో మొదటివాణ్ణి అని ఒప్పుకుంటాను. ఆ వరుసలో రేడియో దుకాణం నాదొక్కటే.

డ్రమ్ము నాది కాదు, మా బావది. బావ అంటే నా భార్యకు సొంత అన్న. నేను ఆయన్ను బావా అంటాను, ఆయన నన్ను బావా అంటాడు. ఇంట్లో ఎవరైనా "బావా, చాయ్" అంటే ఇద్దరం పలుకుతాం. "బావా, ఈ బస్తా జర దించు" అంటే ఇద్దరికీ చెవుడు.

ఆయన దర్జీ. కూరగాయల మార్కెట్ వెనక సందులో కాలితో తొక్కే మిషన్ ఒకటి పెట్టుకుని ప్యాంట్లూ చొక్కాలూ కుట్టేవాడు. పెళ్లిళ్లూ పండుగలూ వస్తే మాత్రం దుకాణం మూసి, ఊరి ఆర్కెస్ట్రాలో డ్రమ్ములు వాయించేవాడు. ఎదురుగా చేతులతో కొట్టేవి రెండు చిన్న డ్రమ్ములు, కింద కాలితో తన్నే పెద్ద డ్రమ్ము ఒకటి. వాటి వెనక ఎత్తు స్టూలు మీద మా బావ. ఆ పార్టీకి పెద్ద, హార్మోనియం నుంచి కీబోర్డుకు ఎదిగిన ఒక పెద్దమనిషి. ఆయన్ను అందరూ మాస్టర్ అనేవాళ్లు.

ఆ ఏడు బీదర్ నుంచి ఒక పార్టీ మా ఊళ్లో పెళ్లికి వచ్చింది. వాళ్ల దగ్గర డ్రమ్ములే లేవు. ఒకతను నల్లటి పలక లాంటిది ముందు పెట్టుకుని దాని మీద పుల్లలతో తట్టాడు. ఒక గడి మీద తడితే "డ్యూం" అంది, ఇంకో గడి మీద తడితే నీళ్లలో రాయి పడ్డట్టు అంది. జనం భోజనాలు మానేసి అక్కడ మూగారు. మా మాస్టర్ కూడా మూగాడు. మరునాడు మా బావను పిలిచి చెప్పాడు.

"దర్జీ, కోహీర్ పెండ్లి దాక నువ్వే. గప్పటికి నీ డ్రమ్ముల డ్యూం రాకపోతే బీదర్ ఆయన్ని పిలుస్త. దిల్‌కు పెట్టుకోకు. జమానా మారింది."

బావ అక్కణ్ణించి తిన్నగా నా దుకాణానికి వచ్చి కూర్చున్నాడు. ముందు పెట్టిన చాయ్ చల్లారి మీగడ కట్టింది.

"గా స్టూలు పోతె నాకేం మిగుల్తది బావా?" అన్నాడు. "దుకాణంల ఎవ్వడొచ్చినా నా మెడల టేపు సూస్తడు. స్టూలు మీద కూసుంటెనే జనం నా ముఖం సూస్తరు."

"మా అక్క సూస్తదా?" అన్నాను, ఆయన భార్యను ఉద్దేశించి.

"గామె టేపు గూడ సూడదు."

నేను నవ్వాను, ఆయన నవ్వలేదు. అప్పుడర్థమైంది, ఇది ఆటకు తీసుకునే విషయం కాదని. వెంటనే మాటిచ్చాను. "నాలుగు దినాలల్ల నీ డ్రమ్ము డ్యూం అంటది. ఫికర్ జెయ్యకు." నాకు తెలిసిన పనికి నేను వారం గడువు అడుగుతాను. తెలియని పనికి ఎప్పుడూ నాలుగు రోజులే చెప్తాను.

ఆ రాత్రే కూర్చుని మొత్తం యంత్రం నేనే ఊహించి బొమ్మ గీశానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. బొమ్మ గీసింది కోఠీ గుజరాతీ గల్లీలో సామాన్లమ్మే ఒక ముసలాయన. నేను హైదరాబాద్ బస్సెక్కి వెళ్లి, ఆయన ముందు నోటితో డ్యూం డ్యూం అని చేసి చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని, గడియారం అలారంలో వాడే ఇత్తడి బిళ్ల ఒకటి చేతిలో పెట్టాడు. బిళ్ల మీద తెల్లటి పూత, దానికి రెండు సన్నటి తీగలు. దాన్ని డ్రమ్ము తోలుకు అంటించాలి. తోలు అదిరితే బిళ్లలో పిసరంత కరెంటు పుడుతుంది. ఆ కరెంటు పోయి ఒక డబ్బాను లేపుతుంది. లేచిన డబ్బా డ్యూం అంటుంది. ఆ డబ్బా సామాను కూడా ఆయనే పొట్లం కట్టి ఇచ్చి, "ఇస్కో ట్రిగ్గర్ బోల్తే" అని పేరు కూడా చెప్పి పంపాడు. బొమ్మ గీసిన కాగితం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. ఎవరికీ చూపించను.

ఆ పేరుతో మొదటిరోజే ఒక గొడవ. సాయంత్రం వార్తలు వినడానికి నా దుకాణంలో కూర్చునే కానిస్టేబుల్ ఒకాయన ఉండేవాడు. యూనిఫాం బావ దగ్గరే కుట్టించేవాడు. నేను లోపల్నించి "బావా, ట్రిగ్గర్ మంచిగ పట్టుకో, పేలకుండ" అని అరిచాను. బిళ్ల పూత పగలకుండా అని నా అర్థం. కానిస్టేబుల్ రేడియో కట్టేసి లేచి నిలబడ్డాడు.

"ఏంది, ట్రిగ్గరా? ఎవల పర్మిషన్ తోని?"

బావ భయపడి ఇత్తడి బిళ్లను నోట్లో వేసుకున్నాడు. దాన్ని బయటికి రప్పించి, తుడిచి, కానిస్టేబుల్‌కు డ్రమ్ము చూపించి నమ్మించేసరికి వార్తలు అయిపోయాయి.

బిళ్ల అంటించడం, టంకం పెట్టడం రెండు రోజుల్లో అయిపోయాయి. ఇక మిగిలింది ఒక్క నాబు. పాత రేడియో నుంచి పీకి డబ్బాకు బిగించాను. ఎంత దెబ్బకు డబ్బా లేవాలో తేల్చేది అదే. ఎక్కువ తిప్పితే ఈగ వాలినా డ్యూం అంటుంది, తక్కువ తిప్పితే గుర్రం తన్నినా పలకదు. నాబు చుట్టూ తెల్లకాగితం అతికించి ఒకటి నుంచి పది దాకా అంకెలు వేశాను. బావ వాటి వైపు చూడనే లేదు.

"జర తగ్గియ్," అన్నాడు.

తగ్గించాను.

"గంత గాదు. జర."

పెంచాను.

"అరె, జర అంటె జర తీరుగ ఉండాలె గద బావా!"

మా ఇద్దరి జరలు వేరని తెలియడానికి రెండు రోజులు పట్టింది. దర్జీ జర అంటే దారం మందం. చొక్కా భుజం జర దించమంటే ఆయన దించేది కంటికి కూడా ఆనదు. రేడియో బాగుచేసేవాడి జర అంటే పావు చుట్టు. అంతకు తక్కువ తిప్పితే తిప్పించుకున్నవాడు నమ్మడు. చివరికి అంకెలు కొట్టేసి, ఇద్దరం ఒప్పుకున్నట్టు మళ్లీ రాశాను: శానా, జర శానా, జర, జరంత, బస్. జరకూ జరంతకూ నడుమ గోటితో ఇంకో గీత గీసి, అది దర్జీ జర అని ఖరారు చేశాం.

అది చెరుకు రోజులు. ఫ్యాక్టరీకి పోయే లారీలు బొంబాయి రోడ్డు మీద పొద్దంతా నడిచేవి. నా దుకాణం ముందు ఒక గుంత ఉండేది. నిండు లారీ ఆ గుంతలో దిగిందంటే నేల అదిరి, లోపల మా డ్రమ్ము ఎవరూ ముట్టకుండానే "డ్యూం" అనేది. ఎదురుగా చాయ్ హోటల్ ఆయన గల్లా దగ్గర్నుంచే కేకేసేవాడు.

"ఏంది సార్, లోపల ఎవల్ని కొడ్తున్నరు?"

"నీ బాకీలోళ్లను," అనేవాడు బావ.

ఆ లారీలే నాకు కొలబద్ద అయ్యాయి. ఇందులో మాత్రం గొప్పలేమీ లేవు, నిజంగా మంచి ఆలోచన. ఖాళీ లారీకి ఎలాగూ మోగదు. నిండు లారీకి మోగకూడదు. బావ కాలికి మోగాలి. ఒక చేత్తో నాబు పట్టుకుని, గుమ్మంలోంచి మెడ చాచి లారీ ఎప్పుడొస్తుందా అని చూసేవాణ్ణి. నిండు లారీకీ మా బావ కాలికీ నడుమ ఆ నాబు మీద వెంట్రుకవాసి చోటుంది. దర్జీ జర దగ్గరే దొరికింది. లారీ గుంతలో దిగింది, డ్రమ్ము నోరు మెదపలేదు. ఇద్దరం కావలించుకున్నాం.

తర్వాత చిన్న డ్రమ్ము కొడితే పెద్ద డ్రమ్ము మోగడం మొదలైంది. సైకిల్ ట్యూబు ముక్కలు కోసి అన్నింటి కాళ్ల కింద పెట్టాం. అదీ తగ్గింది.

మిగిలినది ఒకటే రోగం. బావ కాలితో ఒక్కటి తంతే డబ్బా రెండుసార్లు మోగేది. డ్యూం-డ్యూం. ఆయన నాలుగు దెబ్బలు కొడితే ఎనిమిది వచ్చేవి. పాట ముందు పోతుంటే డ్రమ్ము వెనక నుంచి తరుముతున్నట్టు ఉండేది.

ఇది కచ్చితంగా కెపాసిటర్ దోషమని ప్రకటించాను. మార్చాను. డ్యూం-డ్యూం. ట్రాన్సిస్టర్ మార్చాను. డ్యూం-డ్యూం. ఒకసారి మోగాక కాసేపు చెవులు మూసుకునేలా డబ్బాకు పెద్ద కెపాసిటర్ వేశాను. అప్పుడు ఒక్కసారే మోగింది కానీ, తీన్మార్ ఎత్తుకుంటే సగం దెబ్బలు మింగేసింది. తీన్మార్‌లో సగం దెబ్బలు పోతే చూసేవాళ్లకు ఎవరిదో కాలు విరిగినట్టే ఉంటుంది. దాన్ని పీకేశాను. నాలుగు రోజులన్నది మూడు వారాలైంది. కోహీర్ పెళ్లి ఇంకో పది రోజులుంది.

ఒక మధ్యాహ్నం బావ మెల్లగా అడిగాడు.

"బావా, సచ్ చెప్పు. నీతోని అయితదా?"

"ఎందుకు గాదు?"

"నీకు రాదని నాకు ఎర్కే. ఎన్ని దినాలు రాదో చెప్తె, బీదర్ ఆయన కాల్లు పట్టుకుంట."

ఆ మాట నాకు గుచ్చుకుంది. నేను మోకాళ్ల మీద వంగాను. డ్రమ్ము కింద తల పెట్టి బావ కాలినే చూశాను. చూడగానే నాలో మెరుపు మెరిసింది.

ఇంతదాకా రాసి, కాగితాలు మూసి అన్నానికి వెళ్లాను. అన్నం వడ్డించిన మనిషి ముఖం చూశాక పై వాక్యాలు నిలబడవని తేలిపోయింది. కొట్టేయడానికి మనసొప్పక ఉంచాను గానీ, వంగి చూసింది నేను కాదు, మా ఇంటామె. ఆ రోజు నాకు సద్ది తెచ్చి, టిఫిన్ పెట్టడానికి చోటు లేక నిలబడింది. నిలబడి ఊరికే చూసింది.

"అన్నా, నువ్వు మిషన్ తొక్కుతున్నవు," అంది.

"ఏం మిషన్?"

"బట్టల మిషన్. వేలు, మడిమె. వేలు, మడిమె. సూస్కో."

అందరం చూశాం. కుట్టుమిషన్ పలకను ఊరికే కిందికి నొక్కితే నడవదు. ముందు వేళ్లతో, ఆ వెంటనే మడమతో, ఊయల ఊపినట్టు తొక్కాలి. చిన్నప్పట్నించీ అదే తొక్కిన కాలు, డ్రమ్ము పెడల్ మీద పెట్టినా అదే తొక్కుతోంది. వేలితో ఒక దెబ్బ గట్టిగా, మడమ దిగి లేచేటప్పుడు ఇంకోటి మెత్తగా. ఆ మెత్తటి రెండో దెబ్బను తోలు ఇన్నేళ్లూ మొదటి దెబ్బ గుమగుమలో కలిపేసుకుంది. నా డబ్బాకు ఆ మొహమాటం లేదు. నాబు గీత దాటిందా, చిన్న దెబ్బైనా పెద్ద దెబ్బైనా దానికి ఒకటే, లేచి డ్యూం అంటుంది; నాబు ఇంకా తగ్గిస్తే పెద్ద దెబ్బకూ లేవదు.

నమ్మకం కోసం నేను తన్నాను. డ్యూం. ఆ పూట డ్యూటీ లేక అక్కడే కూర్చున్న కానిస్టేబుల్ తన్నాడు. డ్యూం. మా ఇంటామె టిఫిన్ చేతిలో పట్టుకునే తన్నింది. డ్యూం. బావ తన్నాడు. డ్యూం-డ్యూం.

బావ ముఖం వాడిపోయింది.

"ఇరవై ఏండ్ల సంది గిట్లనే కొడ్తున్ననా? ఒక్కడు చెప్పలే."

"ఒక్కనికి వినపడలే అన్నా," అంది ఆమె.

రోగం దొరికింది కదా, కాలికి నేర్పుదామనుకున్నాం. మడమ కింద ఇటుక పెట్టాం. మడమకు తాడు కట్టి స్టూలుకు బిగించాం. రెండు రోజులు కష్టపడి కాలు ఒక్క దెబ్బకు అలవాటు పడింది. మూడో రోజు దుకాణంలో మిషన్ మీద కూర్చుంటే అక్కడ కూడా ఒక్కటే తొక్కింది. చక్రం వెనక్కి తిరిగి దారం పుటుక్కున తెగింది. సాయంత్రానికి ఏడుసార్లు తెగింది. ఒక రైతు ప్యాంటు కాలు సగం కుట్టి సగం నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఆయన రాయికోడ్ నుంచి వచ్చి, ప్యాంటును రెండు చేతులా పైకెత్తి పట్టుకుని సందంతా చూపించాడు.

"గీ కాలు ఇస్తె డ్రమ్ముకు ఇయ్యాలె, లేకుంటె మిషన్‌కు ఇయ్యాలె," అన్నాడు బావ, కాలు తనది కానట్టు దాని వైపు చూస్తూ.

దారి చూపించినవాడు కానిస్టేబుల్.

"చెప్పులిడిసి తొక్కుతున్నవ్, గందుకే కాలు గట్ల ఊగుతున్నది. బూటు తొడుగు. బూటుల కాలు చెప్పిన మాట వింటది. ట్రైనింగుల మాకు గట్లనే నేర్పిన్రు."

తన డ్యూటీ బూట్లే విప్పి ఇచ్చాడు. లాఠీ అంత గట్టి తోలు, మోకాలు మీద పెట్టుకుంటే మేకపిల్లంత బరువు. బావ కాలికి రెండు సైజులు పెద్దవి. కత్తిరింపుల్లో మిగిలిన గుడ్డముక్కలు కూరితే సరిపోయాయి. తొడుక్కుని తన్నాడు.

డ్యూం.

ఇంకోసారి తన్నాడు. డ్యూం. బూటులో మడమ కదలడానికి వీల్లేక, కాలు మొత్తం కర్రలా ఒక్కసారే దిగుతోంది. కానిస్టేబుల్ వట్టి కాళ్లతో నిలబడి చప్పట్లు కొట్టాడు.

కోహీర్ పెళ్లి. పొద్దున తలంబ్రాలయ్యాయి, మధ్యాహ్నం విందు దగ్గర పాటలు. పందిరి కింద చెక్కబల్లల మీద మా పార్టీ. మాస్టర్ కీబోర్డు ముందు నిలబడి, పాట కంటే ఎక్కువ బావ కాళ్ల వైపు చూస్తున్నాడు. ధోతి కట్టుకుని, కింద పోలీసు బూట్లు తొడుక్కుని, మా బావ స్టూలు మీద కూర్చున్నాడు. పెళ్లివాళ్లలో ఒక పెద్దాయన నా పక్కకొచ్చి గుసగుసగా అడిగాడు.

"ఏం, పోలీసోల్ల బ్యాండు పిలిచినమా?"

నేను డబ్బా పక్కన కూర్చుని నాబు మీద చెయ్యి పెట్టాను. దర్జీ జర. మొదటి పాట ఎత్తుకున్నారు. బావ కాలు దిగింది. డ్యూం. ఒక్కటంటే ఒక్కటి. పందిట్లో తింటున్న చేతులు ఆగిపోయాయి. బావ మెడ పైకెత్తాడు. జనం ఆయన ముఖం చూశారు. ఆ నిమిషంలో ఆయన ముఖం ఎట్లుందంటే, ఎవరైనా ఎదురుగా నిలబడి నీ మెడలో టేపేది అని అడిగినా వినిపించదు.

మొదటి పాట నుంచి చివరి పాట దాకా నేను నాబు మీది చెయ్యి తియ్యలేదు. గాలి మారితే దర్జీ జర తగ్గించాను, ఎండ దిగితే దర్జీ జర పెంచాను. ఒక్కో దెబ్బా ముత్యం కూర్చినట్టు పడింది. మూడు గంటల పాటు ఒక్క జంట మోత లేదు. పాటలయ్యాక మాస్టర్ వచ్చి నా భుజం తట్టాడు. బీదర్ ఆయన్ను పిలిచే మాట ఆ తర్వాత ఎత్తలేదు. మా బావ ఏడేళ్లు అదే స్టూలు మీద కూర్చున్నాడు. ఆ పుణ్యం ఎవరిదో నేను నా నోటితో చెప్పుకోవడం బాగుండదు.

ఇంతవరకూ రాసి, మొన్న బావ ఇంటికి వెళ్లి చదివి వినిపించాను. ఇప్పుడు కళ్లు ఆనవు, చెవులకు మాత్రం ఢోకా లేదు. మంచం మీద కాలు ఊపుకుంటూ మొత్తం విన్నాడు. నేను కాగితాలు మడిచి మెచ్చుకోలు కోసం చూస్తుంటే, అన్నాడు:

"బూట్లు రెండో పాటకే ఇప్పిన. మడిమె పుండయ్యింది. కడమ పాటలన్ని నీ డబ్బా రెండు రెండే మోగింది."

"నేను పక్కనే ఉన్న గదా బావా!"

"నువ్వు యాడున్నవ్? మొదటి పాట గాంగనె బంతిల కూసున్నవ్. లడ్డు ఇంకోటి ఎయ్యమని అరుస్తుంటె నాకు ఇనపడ్డది."

"మరి మాస్టర్ నిన్ను ఎందుకు ఉంచిండు?"

"గా దినమే పార్టీ అందరికి కోట్లు కుట్టమన్నడు. తొమ్మిది. కోట్లు అయ్యేదాక కూసో, అయినంక బీదర్ ఆయన్ని పిలుస్త అన్నడు."

"అయితే?"

"అయితె ఏంది? ఎనిమిది కుట్టిన. తొమ్మిదో దానికి గుండీలు కుట్టలే. ఏడేండ్లు కుట్టలే. గది రాయ్."